మొదటి గుక్క

ఏప్రిల్ పదహారు, బుధవారం. పొద్దున పదింటికే ఎండ నిప్పులు చెరుగుతోంది. గాలన్నది లేదు, ఆకు కదల్లేదు. రాసుకోండి... ఇదేమిటి, కలం పక్కన పెట్టేశారు? ఎండ సంగతి అక్కర్లేదా? భలేవారే! అసలు గొడవంతా ఎండతోనే కదండీ వచ్చింది! కాగితాల తనిఖీ అని మా వీధి వీధంతా వరసలో నిలబెట్టారు. మూడు గంటలు. ఎండ మాడ్చేస్తుంటేనే కదా ఆ ముసలాయన మీవాళ్ళని గ్లాసుడు నీళ్ళడిగాడు! అడక్కపోతే ఆయన ఆ పక్క గదిలో ఉండేవాడూ కాదు, నేను మీ ముందు ఈ కుర్చీలో...

ఈ కుర్చీకి ఒక కాలు పొట్టిదనుకుంటాను. ఊగుతోంది.

కాదా? అయితే ఊగుతున్నది నేనేనన్న మాట. కానీండి.

వయసు డెబ్బై ఎనిమిది. చదువు బీయే. ఆ రోజుల్లో బీయే అంటే మా వీధి మొత్తానికి ఒక్కణ్ణే. మా నాన్న నా పట్టా కాగితం అద్దం కట్టించి, ఎవరొచ్చినా తలెత్తి చూడక తప్పని చోట తగిలించాడు. వృత్తి, నవలలు. నెలకో నవల, జేబులో పట్టే సైజు, ఇరవై రెండేళ్ళపాటు. బస్సుల్లో చదివేవాళ్ళు, ఆసుపత్రి బెంచీల మీద చదివేవాళ్ళు... సరే, సరే, విషయానికొస్తాను.

నీళ్ళా? వద్దండీ. దాహం లేదు. అక్కడే ఉంచండి.

నన్నెవరూ పిలవలేదు. అది మాత్రం తప్పకుండా రాయండి. నా అంతట నేనే వచ్చాను. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు గుండె నిబ్బరంగానే ఉంది. ఏం మాట్లాడాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. మీ వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు చూడండి, ఎదురుగా గోడ మీద ఆ పట్టీ. "ఏటవతలి వారిని గుర్తించుటకు పద్నాలుగు గుర్తులు." కింద నా సంతకం. తోక తిప్పిన సంతకం, పెళ్ళికొడుకు మీసంలాగా. దాన్ని చూశాక నోట్లో తడి లేదు. అనుకుంటూ వచ్చిందంతా ఎటు పోయిందో పోయింది.

అయ్యో, నీళ్ళొద్దన్నానా! తడి లేదన్నది మాటవరసకి.

ఆ సంతకం ఎలా పెట్టానో చెప్పనివ్వండి. పోయినేడు మీవాళ్ళు ఇద్దరొచ్చారు. చేతిలో సంచి. సంచి నిండా నా నవలలు! పేజీల మధ్య కాగితం ముక్కలు పెట్టుకుని మరీ తెచ్చారు. పదిహేనేళ్ళయిందండీ నా పుస్తకం పట్టుకుని ఒక మనిషి నా గుమ్మం ఎక్కి. ప్రెస్సు మూసేశాక నన్ను పలకరించింది పాలవాడూ, మందుల షాపువాడూ. అలాంటిది, "మీ అంత లోతుగా ఏటవతలివాళ్ళని పరిశీలించినవాళ్ళు ఇంకెవరున్నారండీ" అన్నారు. నాకు కళ్ళు తిరిగాయి. "స్వయముగా గమనించి నిర్ధారించుకున్నవి" అని అచ్చేసి తెచ్చిన కాగితం మీద, అడిగింది ఒక సంతకమైతే రెండు పెట్టాను.

మా పెద్దమ్మాయి వంటింట్లోంచి వచ్చి, "నాన్నా, నువ్వు ఏరు దాటింది ఎప్పుడు?" అంది.

"నువ్వు ఊరుకోవే," అన్నాను.

దాటలేదండీ. ఒక్కసారి కూడా దాటలేదు. నాకు పడవంటే భయం.

అలా చూడకండి. మీరు మా చిన్నల్లుడి ఈడు ఉంటారు... లేదు లేదు, చనువు తీసుకోవడం లేదు. అయ్యా, చెబుతున్నాను.

ఆ పక్క గదిలో దగ్గుతున్నాడే, ఆయన మా మేస్త్రీ. మేస్త్రీ అంటే గోడలు కట్టేవాడు కాదు, అక్షరాలు కట్టేవాడు. ఇప్పటిలాగా మీట నొక్కితే అచ్చయ్యే రోజులు కావవి. సీసంతో పోతపోసిన అక్షరాలు, గళ్ళ గళ్ళ పెట్టెల్లో ఉండేవి. ఒక్కొక్కటీ ఏరి, తలకిందులుగా, అద్దంలో చూసినట్టు పేర్చాలి. పేజీ అచ్చయ్యాక విప్పి మళ్ళీ ఏ గడిది ఆ గడిలో వేసెయ్యాలి. నా నవలలన్నీ ఆయన వేళ్ళ మీదుగా వెళ్ళినవే. ఒక్కొక్క అక్షరం ఏరుకుంటూ చదివినవాణ్ణి మించిన పాఠకుడు ఎవరుంటాడు చెప్పండి? నన్ను గురువుగారూ అనేవాడు. వెక్కిరింపో గౌరవమో ఇరవై రెండేళ్ళలో తేల్చుకోలేకపోయాను.

నా నవలల్లో దొంగ ఎప్పుడూ ఏటవతలివాడే. మరి ఇంకెవడుంటాడు? ఇవతలివాణ్ణి పెడితే ఏ ఊరివాడో ఆ ఊరివాళ్ళు ఉత్తరాలు రాసేవాళ్ళు. అవతలినుంచి ఉత్తరాలు రావు కదా! వాడి వర్ణన కూడా ఎప్పుడూ ఒకటే. నిలకడలేని చూపు, పళ్ళు కనపడని నవ్వు, పిల్లిలాంటి నడక. ప్రతి నెలా అవే వాక్యాలు పేర్చి, విప్పి, మళ్ళీ పేర్చి, మేస్త్రీకి విసుగెత్తింది. "గురువుగారూ, మీరెలాగూ మారరు, నా వేళ్ళన్నా మిగలనివ్వండి," అని ఆ వాక్యాల్ని విప్పకుండా దారంతో కట్టి, ఓ అరలో పెట్టేశాడు. కట్టు అనేవాళ్ళం దాన్ని. మొదటి కట్టు చూపు, రెండో కట్టు నవ్వు, అలాగ. ఆ తర్వాత నేను రాయడం కూడా మానేశాను. కాగితం మీద "ఇక్కడ మూడో కట్టు" అని గీత గీసి ఇస్తే చాలు. ఒక్కోసారి రెండూ కలిపి, "ఒకటీ ఆరూ పెట్టు మేస్త్రీ" అనేవాణ్ణి. హోటల్లో సర్వరుకి చెప్పినట్టు.

మీ గోడ మీదున్న పద్నాలుగు గుర్తులు ఏమిటనుకున్నారు? ఆ పద్నాలుగు కట్లే!

రెండో గుర్తు చూడండి. నవ్వితే పళ్ళు కనపడవు. నాకిప్పుడు ఉన్నవి నాలుగు. రేపు నన్నూ...

మీకు నవ్వొచ్చిందనుకున్నాను. రాలేదు.

సరే. తొమ్మిదోది. "నీళ్ళు తాగునపుడు మొదటి గుక్క ఉమ్మివేయుదురు." దీని గురించే వచ్చాను. దీన్ని చెప్పడానికే మూడు రోజులుగా అన్నం సహించక, ఇవాళ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వచ్చాను. కొంచెం ఆగండి. కొంచెం ఊపిరి తీసుకోనివ్వండి.

అప్పటికి నేను రాయడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. ఆ నెల నవల ఆఖరి పేజీకి నాలుగు లైన్లు తక్కువొచ్చాయి. నాలుగంటే నాలుగే. పేజీ అడుగున బోసిగా ఉంటే మా యజమాని ఒప్పుకోడు. మిషను ఆగి ఉంది. నేను పెన్ను నోట్లో పెట్టుకుని ఇటూ అటూ చూస్తున్నాను. ఎదురుగా మేస్త్రీ నీళ్ళు తాగుతున్నాడు. మొదటి గుక్క పుక్కిలించి ఇసక బకెట్లో ఉమ్మేశాడు. ఎందుకంటే సీసం అయ్యా, సీసం! పొద్దస్తమానం సీసం ముట్టుకునేవాళ్ళకి ఆ పొడి పెదాలకీ నాలుక్కీ అంటుకుంటుంది. అది కడుపులోకి పోతే మనిషి పదేళ్ళకే వంకర్లు పోతాడు. ప్రెస్సులో చేరిన రోజునే నేర్పే మొదటి పాఠం అది. మొదటి గుక్క నీది కాదు, బకెట్‌ది.

నేనేం చేశాను? ఆ ఉమ్మడం చూసి నాలుగు లైన్లు గీకేశాను. ఏటవతలివాడు మొదటి గుక్క ఉమ్మేస్తాడు, ఎదుటివాడికి విషం పెట్టే జాతికి ఎదుటివాడి నీళ్ళ మీద నమ్మకం ఉండదు, అని. లెక్కగా నాలుగు లైన్లు. చాలా ముచ్చటేసింది నాకు.

మేస్త్రీ చదివి, నా మొహంలోకి చూసి, "గురువుగారూ, ఇది నేనే కదూ?" అన్నాడు.

"నువ్వే. నాలుగు లైన్లు తగ్గాయి మరి."

"పోనీలెండి, ఓ పూట నన్ను ఏరు దాటించారు. సాయంత్రానికి ఇంటికి పంపించెయ్యండి, మా ఆవిడ చూస్తుంటుంది," అని తనే పేర్చాడు. తన వేళ్ళతో తనే. ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం.

బుధవారం మీవాళ్ళు గ్లాసు ఇచ్చారు. ప్రెస్సు మూసేసి పదిహేనేళ్ళయినా అలవాటు పోలేదు. మురిక్కాలవ పక్కకి వంగి మొదటి గుక్క ఉమ్మేశాడు. మీవాడు పట్టీ తీసి చూశాడు. నేను వరసలో ఆయనకి నలుగురు మనుషుల వెనక ఉన్నాను. చూశాను. అప్పుడే చెప్పాల్సింది. ఆయన వెనక్కి తిరిగి నాకేసి చూశాడండీ. "ఇంటికి పంపించెయ్యండి" అన్నట్టే చూశాడు. నేను చెప్పుల కేసి చూసుకున్నాను.

ఏమన్నారు? అబద్ధపు ధ్రువపత్రమా? అంటే... ఆ తొమ్మిది అబద్ధమైతే మిగతావి... అంటే ఆ పట్టీతో పట్టుకున్నవాళ్ళందరూ... ఎంతమంది? పదకొండా! పదకొండు మందా?

ఒక్క క్షణం ఉండండి. అన్నీ అబద్ధమనలేదు నేను. కొన్ని ఉండొచ్చు. ఎక్కడో విని ఉంటాను. ఇంత వయసులో జ్ఞాపకం తప్పుతుంది, డాక్టరు కూడా అన్నాడు. ఆ వాక్యం కొట్టేస్తారా? అసలు నేనీ పూట రాలేదనుకోండి. నా గొడుగు ఏదీ...

విన్నారా? అది ఆయన దగ్గే. రెండు చిన్నవి, ఒక పొడుగు. ఇరవై రెండేళ్ళు విన్న దగ్గు. ప్రూఫులో తప్పు కనపడితే అలాగే దగ్గేవాడు, నేను తలెత్తేదాకా.

కూర్చుంటాను. కూర్చున్నాను. రాసింది అలాగే ఉంచండి.

ఆ బల్ల మీదిది ఏమిటి? ఆ రేకు డబ్బా! ఆయన మంచం కిందదా? అందులోని సీసం అక్షరాలు రహస్య లిపా? అయ్యో, అయ్యో, అయ్యా! అది లిపి కాదండీ, అది అమ్మ!

చెబుతాను, డబ్బా దూరంగా లాక్కోకండి. తొమ్మిదో కట్టు పెట్టినప్పుడల్లా మేస్త్రీ ఒక మాట అనేవాడు. "గురువుగారూ, వీడు ఎవరి నీళ్ళూ నమ్మడు సరే, వీడికి అమ్మ లేదా? చిన్నప్పుడు నీళ్ళెవరు పట్టారు?" మొదట్లో నవ్వాను. తర్వాత విసుక్కున్నాను. నేను రాయడం మొదలుపెట్టిన పద్దెనిమిదో ఏటో ఏమో, ఆ ప్రశ్న నన్ను నిద్ర పోనివ్వలేదు. కూర్చుని ఒక అధ్యాయం రాశాను. నా హీరో గాయపడి ఏటవతలి ఒడ్డున పడతాడు. అక్కడో ముసలమ్మ. మనవాళ్ళ చేతుల్లోనే కొడుకుని పోగొట్టుకుంది. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి... మీ స్టాంపు ప్యాడు ఇలా ఇవ్వండి. ఇవ్వండి బాబూ, మిమ్మల్ని కరవదు. అక్షరాల మీద ఇలా అద్ది, తెల్లకాగితం పరిచి, బొటనవేలితో రుద్దితే... దారం ఇంకా గట్టిగానే ఉంది చూశారా, ఎంత బాగా కట్టాడో! ఇదిగో. చదవండి మీ రహస్య లిపి. అక్కర్లేదా, నేనే చదువుతాను.

"చెంబు అందుకోబోయి అతను ఆగిపోయాడు. ముసలమ్మకు అర్థమైంది. మొదటి గుక్క తను తాగి, చీర చెంగుతో చెంబు అంచు తుడిచి, మళ్ళీ అందించింది. తాగు, నా కొడుక్కీ ఇలాగే దాహం వేసి ఉంటుంది, అంది."

ఇంతే. ఇరవై రెండేళ్ళలో నేను రాసిన మంచి వాక్యాలు ఇవే.

మా యజమాని చదివి చెడ్డమనిషిలా ఏమీ మాట్లాడలేదు. "బాగుందండీ. కానీ ముసలమ్మని చంపేయండి. మీ హీరోని కాపాడబోయి చచ్చిపోతే జనం ఏడుస్తారు. బతికుంటే అనుమానిస్తారు," అన్నాడు. నాకది సబబుగానే తోచింది. నా అంతకుముందు నవలల్లో కూడా ఏటవతలి మంచివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు లెండి, అందరూ ఆఖరి పేజీకి చచ్చిపోయినవాళ్ళే. మనకి వాళ్ళ మీద జాలి ఉంది. వాళ్ళు చచ్చాక ఉంది. నేను చావు రాసి తీసుకెళితే మేస్త్రీ కాగితం వెనక్కిచ్చేశాడు. "మీరు చంపితే చంపుకోండి, నా చేత్తో పేర్చను," అన్నాడు. అంత మాట ఎప్పుడూ అనలేదు నన్ను. అధ్యాయం పోయింది. ఆ చోట మూడో కట్టూ తొమ్మిదో కట్టూ పెట్టాం. ఈ ఒక్క పేజీ విప్పకుండా ఆయన ఇంటికి పట్టుకెళ్ళాడని నాకు తెలుసు. మంచం కింద పెట్టుకున్నాడని తెలీదు.

ఆయన ఎక్కడ పుట్టాడా? తెలీదండీ. నిజంగా తెలీదు. ఇరవై రెండేళ్ళలో అడగలేదు. ఎందుకడగలేదంటే... అడిగితే, ఆయన ఏరు కేసి వేలు చూపిస్తే, మర్నాటినుంచి ఒకటో కట్టు పెట్టమని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకని. పుట్టాడేమో! పుడితే? పుడితే మాత్రం ఏమైందండీ? అవతల పుట్టినవాళ్ళకి దాహం వెయ్యదా?

అయ్యో. అది రాసుకోకండి.

రాసేశారా?

సరే. ఉంచండి.

నా మాట మీకు నమ్మకం కుదరడం లేదు. తెలుస్తోంది. ముసలాడు స్నేహితుణ్ణి కాపాడుకోడానికి కథ అల్లుతున్నాడు, అల్లడం వీడి వృత్తేగా అనుకుంటున్నారు. సరిగ్గా నేనైనా అదే అనుకుంటాను. అయితే ఆ గ్లాసు ఇలా జరపండి. పొద్దుట్నించీ దాని కేసి చూడకుండా ఎందుకు కూర్చున్నాననుకున్నారు? నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా ముట్టుకోలేదు. ఎందుకంటే ఆ ప్రెస్సులో, ఆ సీసం పొడిలో, ప్రూఫులు దిద్దుకుంటూ ఇరవై రెండేళ్ళు నేనూ కూర్చున్నాను. నాకూ మేస్త్రీయే నేర్పాడు. బుధవారం వరసలో నాకూ దాహం వేసింది. నేను అడగలేదు. నా పట్టీ నాకు కంఠతా వచ్చు మరి.

బకెట్ లేదు కదా ఇక్కడ? ఆ చెత్తబుట్ట చాలు. చూడండి. బాగా చూసుకోండి.

...

అదీ. మొదటి గుక్క. ఇప్పుడు రెండోది తాగుతాను. అబ్బ! చల్లగా ఉన్నాయండీ మీ నీళ్ళు.

ఎందుకు లేచారు? తలుపు ఎందుకు వేస్తున్నారు? ఆ కొత్త కాగితం ఎవరికి?

నాకా. అవును, నాకే. పన్నెండో మనిషిని. అనుకున్నాను.

ఆఖరి గడి ఏమిటది? సామాను, వారసులు. ఇప్పుడే రాయాలా? సరే రాసుకోండి, మెల్లిగా చెబుతాను.

ఇల్లు పెద్దమ్మాయికి. ఏరు ఎప్పుడు దాటావని అడిగింది అదొక్కతే. వాళ్ళమ్మ కుట్టుమిషను చిన్నదానికి. అద్దం కట్టించిన పట్టా చిన్నల్లుడికి, దించి గోడకి సున్నం వేసుకోమనండి. కళ్ళజోడు నా దగ్గరే ఉంచుకోనిస్తారనుకుంటాను. నవలలు మీ సంచిలోనే ఉన్నాయి, ఉంచుకోండి. పద్నాలుగు కట్లూ మీకే, అవి నేను ఇవ్వకముందే తీసుకున్నారు, వెనక్కి పుచ్చుకునే హక్కు నాకు లేదు. ఈ రేకు డబ్బా నాది కాదు, మేస్త్రీది. ఆయనది ఆయనకిచ్చెయ్యండి.

మేస్త్రీకి నేనిచ్చేదా?

నా దగ్గరేముందండీ ఆయనకివ్వడానికి? ఆయన దగ్గర నేను తీసుకున్నది ఒక్క గుక్క నీళ్ళు. అది ఇందాకే చెత్తబుట్టలో ఉమ్మేశాను. ఏమీ లేదని రాయండి.